వరుసలో మా నంబరెంత?

సొంతిల్లు లేని ఏ పేద కుటుంబాన్నైనా అడగండి. ఇంటి కోసం పెట్టుకున్న దరఖాస్తు నంబరు తడుముకోకుండా చెబుతారు. మీసేవలో ఇచ్చిన రసీదు, ప్రజాపాలన సభలో చింపి చేతిలో పెట్టిన కాగితం ముక్క, వాటి జిరాక్సులు, రేషన్ కార్డు, ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకుంటారు. కిరాయి ఇల్లు మారినప్పుడల్లా ఆ కవరు ఇల్లాలి చేతి సంచిలోనే వెళ్తుంది, ఆటోలో సామాన్ల మధ్య పెట్టరు. అదే కుటుంబాన్ని ఇంకో మాట అడగండి. మీకన్నా ముందు ఎంతమంది ఉన్నారు? మీ వంతు ఏ ఏడాదికి రావచ్చు? వాళ్లు చెప్పలేరు. వార్డు ఆఫీసులో అడిగితే తహసీల్దారు దగ్గరికి వెళ్లమంటారు. అక్కడ అడిగితే పైనుంచి లిస్టు రావాలంటారు.

సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చి కలెక్టరేట్ మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ల మాటలు ఇలా ఉంటాయి.

"పేరొచ్చిందా వదినా?"

"యాడొచ్చింది! మళ్ల సర్వేకొస్తరంట."

"మా గల్లీల ఇద్దరికొచ్చింది. ఎట్లొచ్చిందో ఏమో."

ఆ చివరి మాటే ఈ కథనానికి కారణం. ఎదుటివాళ్లకు ఇల్లు వచ్చిందన్న ఈర్ష్య అందులో ఉండదు. ఎలా వచ్చిందో తెలియకపోవడం ఉంటుంది. పేదల ఇళ్ల గురించి మనం మాట్లాడుకునేదంతా ఎన్ని కట్టారు, ఎన్ని పంచారు, ఏ ప్రభుత్వం ఎక్కువ ఇచ్చింది అనే లెక్కలే. ఇల్లు రానివాళ్లు, అంటే దరఖాస్తుదారుల్లో చాలా ఎక్కువ భాగం, ఏళ్ల తరబడి ఎలా ఎదురుచూస్తున్నారన్నది ఎవరి లెక్కలోనూ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో పేదల ఇంటికి దరఖాస్తు నంబరు ఉంది కానీ వరుస నంబరు లేదు. ఇళ్ల కొరత ఒక్క ఏడాదిలో తీరేది కాదని అందరికీ తెలుసు. వరుస చెప్పడానికి మాత్రం ఇటుకా సిమెంటూ అక్కర్లేదు.

లక్ష ఇళ్లు, ఏడు లక్షల దరఖాస్తులు

తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల పథకానికి మార్గదర్శకాలు 2015 అక్టోబరులో వచ్చాయి. 560 చదరపు అడుగుల్లో రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. లబ్ధిదారు పైసా కట్టనక్కర్లేదు, బ్యాంకు అప్పూ లేదు. పట్టా ఇంటి ఇల్లాలి పేరు మీద ఇస్తారు. వారసులకు చెందుతుంది కానీ అమ్ముకోవడానికి వీల్లేదు. అంతకుముందు ప్రభుత్వం ఇచ్చే ఇల్లంటే జనానికి గుర్తొచ్చేది ఒక గది, దాని ముందు చిన్న వరండా. అందుకే సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో ఆ ఏడాది నవంబరులో 396 ఇళ్లు తెరిచినప్పుడు బస్తీల్లో పుట్టిన ఆశ మామూలుది కాదు. పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి ఒక గది ఉండటమంటే ఏమిటో, ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంటివాళ్లకే తెలుస్తుంది.

గ్రేటర్ హైదరాబాద్‌కు లక్ష ఇళ్లు అనుకున్నారు. 111 చోట్ల, 9,700 కోట్ల రూపాయలకు పైగా అంచనాతో పనులు మొదలయ్యాయి. నగరం నడిబొడ్డున జాగా దొరకలేదు కాబట్టి పెద్ద సముదాయాలన్నీ అంచులకు వెళ్లాయి. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 117 బ్లాకుల్లో 15,660 ఫ్లాట్లు లేచాయి. 2023 జూన్ 22న ప్రారంభమైన ఆ కాలనీ జనాభా రీత్యా ఒక చిన్న పట్టణమే. మేడ్చల్ వైపు రాంపల్లిలో 6 వేల పైచిలుకు. అహ్మద్‌గూడ, దుండిగల్, మంఖాల్, ప్రతాపసింగారం, ఇలా నగరం చుట్టూ తొమ్మిదంతస్తుల వరసలు.

దరఖాస్తులు మాత్రం ఏడు లక్షల దాకా వచ్చాయి. లక్ష ఇళ్లూ పూర్తయి, ఒక్కటి కూడా పక్కదారి పట్టకుండా పంచినా, ప్రతి ఏడుగురిలో ఆరుగురికి రాదన్నమాట. ఇంటింటి సర్వేలు చేసి అనర్హుల్ని తీసేశాక కూడా మిగిలినవారి సంఖ్య లక్షల్లోనే ఉంది. ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు ప్రభుత్వం ఎంచుకున్న జవాబు డ్రా. 2023 ఆగస్టులో జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తో, నియోజకవర్గానికి 500 చొప్పున 24 నియోజకవర్గాలకు పేర్లు తీశారు. ఎస్సీలకు, ఎస్టీలకు, మైనారిటీలకు, దివ్యాంగులకు వాటాలు అందులోనే. తర్వాతి నెలలో ఇంకో విడత తీశారు.

డ్రా పద్ధతిని నేను తప్పు పట్టను. ఎమ్మెల్యే చేతిలో జాబితా పెట్టడం కన్నా, కార్పొరేటర్ సంతకానికి విలువ కట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. కంప్యూటర్‌కు పైరవీ తెలియదు, పార్టీ జెండా తెలియదు. అయితే డ్రాకు జ్ఞాపకం కూడా ఉండదు. మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టి, ఏళ్ల తరబడి కిరాయి కట్టినవారూ, ఆఖరి నెలలో పెట్టినవారూ డ్రా బటన్ ముందు సమానమే. మొదటి విడతలో పేరు రాని మనిషి రెండో విడతలో మళ్లీ సున్నా నుంచే మొదలు. వృద్ధాప్యం, వితంతువు కావడం, మంచాన పడ్డ బిడ్డ ఇంట్లో ఉండటం, మూడుసార్లు ఖాళీ చేయించబడటం, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. పేరు రాకపోవడానికి కారణం అంటూ ఉండదు, వచ్చేసారికి దాచుకోవడానికి వరుస అంటూ మిగలదు.

2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారింది. డిసెంబరు 28 నుంచి జనవరి 6 వరకు దరఖాస్తులు తీసుకునే ప్రజాపాలన సభలు జరిగాయి. కొత్త పథకమైన ఇందిరమ్మ ఇంటి కోసం రాష్ట్రమంతటా 80 లక్షల దాకా దరఖాస్తులు పోగయ్యాయి. డబుల్ బెడ్‌రూమ్‌కు అర్జీ పెట్టి ఏళ్లు వేచినవాళ్లూ కొత్త ఫారం నింపి, కొత్త రసీదు తీసుకుని, కొత్త నంబరు గుర్తుపెట్టుకున్నారు. పాత ఎదురుచూపు కొత్త కాగితం మీదికి ఎక్కలేదు.

ఆ దరఖాస్తుల్ని సర్వే చేసి మూడు జాబితాలు చేశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్-1. జాగా, ఇల్లు రెండూ లేనివారు ఎల్-2. మిగిలినవారు ఎల్-3. మొదటి విడతలో 5 లక్షల రూపాయల సాయం సొంత జాగా ఉన్నవారికే అన్నారు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. పల్లెలో ఇది సబబుగానే కనిపిస్తుంది. పునాది వేసుకోవడానికి రెండు గుంటలు చాలామందికి ఉంటాయి. నగరంలో పరిస్థితి తలకిందులు. బోరబండలోనో బాలాపూర్‌లోనో ఒక గదికి 5, 6 వేలు కిరాయి కట్టే మనిషికి సొంత జాగా ఎక్కడిది? నగర పేదల్లో అత్యధికులు ఎల్-2లోకి వెళ్లారు. అంటే, అందరికన్నా తక్కువ ఉన్నవారు అందరికన్నా వెనక నిలబడ్డారు.

పేదరికానికి పత్రం

వరుసలో నిలబడటానికి ముందు ఇంకో వరుస ఉంది. మనం పేదలమని రుజువు చేసుకునే వరుస.

నగరంలో నాలుగిళ్లలో పాచిపని చేసే ఇల్లాలిని, అడ్డా మీద పనికి నిలబడే ఆమె భర్తను తీసుకుందాం. వానలు, జ్వరాలు, పని దొరకని రోజులు పోను ఇద్దరికీ కలిపి నెలకు 20 వేలు వస్తాయనుకుందాం. ఏడాదికి 2 లక్షల 40 వేలు. కేంద్ర ప్రభుత్వ ప్రధానమంత్రి ఆవాస్ యోజన లెక్కలో 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారు ఆర్థికంగా బలహీన వర్గం. కాబట్టి వీళ్లు పేదలే. తెలంగాణలో పట్టణ ప్రాంత ఆహార భద్రత కార్డుకు పరిమితి ఏడాదికి 2 లక్షలు. ఆ లెక్కలో వీళ్లు పేదలు కారు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాల్లో బియ్యం కార్డుకు పరిమితి నెలకు 12 వేలు. అక్కడ అసలు దరిదాపుల్లోకే రారు. ఒకే కుటుంబం, ఒకే సంపాదన. ఢిల్లీ నుంచి చూస్తే ఒక రకం, హైదరాబాద్ నుంచి ఇంకో రకం, విజయవాడ నుంచి మరో రకం. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి ప్రాతిపదిక ఆ ఆహార భద్రత కార్డే.

తెలంగాణలో ఆ 2 లక్షల గీత రాష్ట్రం ఏర్పడిన ఏడాది గీసింది. ఈలోగా గది కిరాయి ఎంత పెరిగిందో, గ్యాస్ బండ ఎంత అయిందో చెప్పనక్కర్లేదు. గీత మాత్రం కదల్లేదు. దాంతో జరిగేది ఊరందరికీ తెలిసిందే. ఆదాయ ధ్రువపత్రంలో నిజం కన్నా తక్కువ అంకె రాయిస్తారు. రాసేవారికి తెలుసు, సంతకం పెట్టేవారికి తెలుసు. కడుపు మాడ్చుకుని బతికే మనిషి చేత, తన ఇంటి కోసం తొలి అడుగే అబద్ధంతో వేయిస్తోంది ఆ నిబంధన. రేపు ఎవరైనా ఆ పేరు కొట్టేయాలనుకుంటే చాలినంత కారణం ఆ కాగితంలోనే సిద్ధంగా ఉంటుంది.

పైగా కార్డే లేనివారి సంగతి? తెలంగాణలో చాలా ఏళ్లపాటు కొత్త రేషన్ కార్డులు దాదాపు ఇవ్వలేదు. 2021లో కొన్ని ఇచ్చారు. పెద్ద ఎత్తున పంపిణీ 2025 జులైలోనే మొదలైంది. ఆ ఏళ్లలో పెళ్లి చేసుకుని వేరు కాపురం పెట్టిన జంటలన్నీ కాగితాల మీద తల్లిదండ్రుల కుటుంబంలోనే ఉండిపోయాయి. పిల్లలు బడికి పోతున్నా, అప్పటిదాకా వీళ్లు ప్రభుత్వం దృష్టిలో ఒక కుటుంబం కాలేదు. కుటుంబమే కానప్పుడు ఇంటికి అర్హత ఎక్కడిది?

ఆంధ్రప్రదేశ్‌లో పథకాల లబ్ధిదారులకు ఆరంచెల వడపోత అని ఒకటి వచ్చింది. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు; ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు. నెలకు 300 యూనిట్ల కరెంటు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. కాగితం మీద చదివితే అన్నీ న్యాయంగానే ఉన్నాయి. అద్దె ఇళ్లలో బతికేవారి దగ్గరికి వచ్చేసరికి అవి మెలిక పడతాయి. ఒకే మీటరు మీద మూడు వాటాలు ఉన్న ఇంట్లో 300 యూనిట్లు దాటడం ఎంతసేపు? మూడు కుటుంబాలూ కలిసి వాడిన కరెంటు ఒక కుటుంబం మెడకు చుట్టుకుంటుంది. ఇక కేంద్ర పథకంలో భార్యాభర్తలకు, పెళ్లికాని పిల్లలకు దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. శ్రీకాకుళంలోనో పాలమూరులోనో ముగ్గురన్నదమ్ముల మధ్య ఉన్న తాతల నాటి ఇంట్లో ఒక వాటా పేరు మీద ఉందంటే, నగరంలో ఫుట్‌పాత్ పక్కన కాపురం ఉన్నా ఇల్లున్నవాడే.

అనర్హుల్ని ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కార్లున్నవాళ్లు పేదల ఫ్లాట్లు ఎగరేసుకుపోతే ఊరుకోమని ఎవరూ అనరు. నేను అడిగేది ఒకటే: తీసేసినప్పుడు ఎందుకు తీశారో ఆ మనిషికి రాతపూర్వకంగా చెప్పాలి. మీటరు వల్లనా, పొలం వల్లనా, పేరు తప్పు పడటం వల్లనా? కారణం తెలిస్తే సరిచేసుకుంటాడు. ఇప్పుడు జరిగేది, పేరు లేదని పక్కింటివాళ్ల ద్వారా తెలియడం.

ఇల్లు రాలేదు, కిస్తీ వచ్చింది

ఎదురుచూపుకు ధర ఎంతో ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్ల కథ చెబుతుంది.

పట్టణ పేదల కోసం 2014-19 మధ్య మొదలైన అపార్ట్‌మెంట్లు అవి. జీ ప్లస్ త్రీ, షియర్‌వాల్ సాంకేతికత. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు రకాలు. కేంద్రం లక్షన్నర ఇస్తుంది, రాష్ట్రం తన వాటా వేస్తుంది, మిగిలింది లబ్ధిదారు పేరు మీద బ్యాంకు అప్పు. ముందుగా చెల్లించాల్సింది 365 అడుగుల ఇంటికి 50 వేలు, 430 అడుగుల ఇంటికి లక్ష. జనం పుస్తెలు తాకట్టు పెట్టారు, చీటీలు పాడుకున్నారు, డీడీలు తీశారు. 2019లో ప్రభుత్వం మారాక 300 అడుగుల ఇల్లు రూపాయికే అన్నారు, మిగతావాటికి ముందస్తు చెల్లింపు సగం చేశారు. పేదలకు అది మేలే. అదే సమయంలో వేల ఇళ్లు రద్దయ్యాయి. మొదట 3 లక్షలకు పైగా తలపెట్టినవి 2 లక్షల 62 వేల దగ్గర ఆగాయి. గుడివాడ మల్లాయపాలెంలో 8,912 ఇళ్లు తెరిచింది 2023 జూన్‌లో. ఇంకా చాలా ఊళ్లలో గోడలు లేచి, రోడ్లు, డ్రైనేజీ, కరెంటు లేక ముళ్లచెట్ల మధ్య నిలబడిపోయాయి.

బ్యాంకు అప్పుకు మాత్రం గడువు ఆగదు. రెండేళ్ల మారటోరియం అయిపోగానే కిస్తీ మొదలైంది. తాళం చెవి చేతికి రాని ఇంటికి నోటీసులు వచ్చాయి. అద్దె ఇంటికి అద్దె, రాని ఇంటికి కిస్తీ. కట్టలేనివాళ్ల ఖాతాలు మొండిబకాయిల్లోకి వెళ్లాయి. దాంతో వాళ్లకు రేపు డ్వాక్రా అప్పో, పిల్లల చదువు అప్పో పుట్టడం కూడా కష్టమైంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఈ ఇంటికి అర్హత కావాలంటే తహసీల్దారు ముందు సంపాదన లేదని నిరూపించుకోవాలి. అప్పు కావాలంటే బ్యాంకు మేనేజరు ముందు నెలనెలా కట్టగల సంపాదన ఉందని నిరూపించుకోవాలి. ఒకే మనిషి, ఒకే నెలలో, రెండు బల్లల ముందు రెండు రకాలుగా నిలబడాలి. పథకం రాసినవారికి ఈ రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పక్కపక్కన కనబడి ఉండాలి కదా.

మిగతా చోట్ల వరుస ఎలా ఉంది?

ఎదురుచూపు మన ఒక్కరిదే కాదు. ఢిల్లీలో 1981లో రోహిణి నివాస స్థలాల పథకానికి 82 వేల మందికి పైగా నమోదు చేసుకున్నారు. వాళ్లలో కొందరికి స్థలం చేతికి రావడానికి మూడు దశాబ్దాలు దాటింది. దరఖాస్తు పెట్టిన తండ్రి పోయి, కొడుకు రిటైరయ్యే వయసుకు వచ్చాడు. ఆలస్యంలో అంతకన్నా ఘోరం ఉండదు. అయినా వాళ్లకు ఒక ప్రాధాన్య సంఖ్య ఉంది, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లగలిగారు. మన ఎల్-2 దరఖాస్తుదారు దేన్ని పట్టుకుని వెళ్లాలి?

న్యూయార్క్‌లో పరిమిత ఆదాయం ఉన్నవారికి కేటాయించిన అపార్ట్‌మెంట్లకు నగరపాలక సంస్థ ఆన్‌లైన్ లాటరీ తీస్తుంది. కొరత అక్కడా భయంకరమే, ఒక్కో భవనానికి వేలాది మంది పోటీ. అయితే ఆదాయ పరిమితి దేశమంతటికీ ఒకే అంకె కాదు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయాన్ని ఏటా లెక్కగట్టి, కుటుంబంలో ఎంతమంది ఉన్నారో చూసి, అందులో ఇంత శాతం అని గీత గీస్తారు. ఏటా ఆ గీత మారుతుంది. లాటరీ అయ్యాక దరఖాస్తుదారుకు ఒక లాగ్ నంబరు వస్తుంది. ఆ వరుసలోనే దరఖాస్తులు తెరుస్తారు. నంబరు 300 అయితే ఆశ పెట్టుకోవచ్చు, 60 వేలైతే ఇంకో భవనం చూసుకోవచ్చు. ఆ నగర గృహనిర్మాణ సంస్థ అద్దె సాయం వోచర్ల జాబితాను 2009 డిసెంబరులో మూసేసి, 2024 జూన్‌లో వారం రోజులు తెరిచింది. 6 లక్షల 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. లాటరీ తీసి 2 లక్షల మందిని మాత్రమే జాబితాలోకి తీసుకున్నారు. మిగతా 4 లక్షల పైచిలుకు మందికి చోటు దొరకలేదని తేలిపోయింది. నిర్దయగా ఉంది, నిజమే. పదేళ్లు ఏమీ చెప్పకుండా నానబెట్టడం కన్నా, ఇప్పుడు కాదు అని చెప్పడంలో మనిషి పట్ల గౌరవం ఉందని నేననుకుంటాను. ఆ మాట వింటే, బతుకును ఇంకో దారిలో పెట్టుకుంటాడు.

నాకు నచ్చినది సింగపూర్ పద్ధతి. 1960లో ఏర్పడిన అక్కడి గృహనిర్మాణ మండలి కొత్త ఫ్లాట్లకు డ్రా తీస్తుంది. డ్రాలో వచ్చేది ఇల్లు కాదు, క్యూలో నంబరు. మొదటిసారి ఇల్లు కొనేవారికి అవకాశాలు ఎక్కువ. పేరు రాకుండా పదేపదే వెనక్కి వచ్చినవారికి తర్వాతి డ్రాలో అదనపు అవకాశం కలుపుతారు. అంటే డ్రాకు జ్ఞాపకం నేర్పారు. హైదరాబాద్‌లో 2023లో వాడిన సాఫ్ట్‌వేర్‌కు ఈ ఒక్క నియమం నేర్పడం ఎంత పని? రెండుసార్లు పేరు రానివారి చీటీలు మూడోసారి రెండు వేయండి. వితంతువుకు ఇంకొకటి వేయండి. ముంబయిలో అక్కడి గృహనిర్మాణ సంస్థ మ్హాడా, డ్రాకు ముందు ఎవరి దరఖాస్తు అంగీకరించారో, ఎవరిది తిరస్కరించారో జాబితా బయట పెడుతుంది. పొరుగు రాష్ట్రం చేయగలిగింది మనం చేయలేమా?

తాళం చేతికొచ్చాక

ఇల్లు వచ్చినవారి కష్టాలు వేరే కథనానికి సరిపోతాయి. ఒక్క సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి, వరుసతో దానికి సంబంధం ఉంది కాబట్టి.

ఇల్లు ఎక్కడ కావాలి అన్న ప్రశ్నకు అర్థం లేకుండా పోయింది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగి, అక్కడి ఇళ్లలో పనిచేసే మనిషికి నగరం ఆ కొసన ఫ్లాట్ వస్తుంది. ఉదయం ఆరింటికి మొదటి ఇంట్లో గిన్నెలు తోమాలి. రెండు బస్సులు మారి ఎన్నింటికి చేరాలి? బడి మార్చాలి, ఆసుపత్రి మార్చాలి, అప్పు ఇచ్చే కిరాణా కొట్టు మార్చాలి. మగవాడు కొత్త అడ్డా వెతుక్కోవచ్చు. నమ్మకం మీద నడిచే ఇంటిపని కొత్త చోట అంత తేలిగ్గా దొరకదు. అందుకే చాలా కుటుంబాలు వచ్చిన ఫ్లాటుకు తాళం వేసి ఇదివరకటి బస్తీలోనే కిరాయికి ఉంటున్నాయి. కొందరు చాటుగా అద్దెకిచ్చారు. అధికారులు సర్వేలు చేసి నోటీసులు ఇస్తున్నారు, ఇల్లు వెనక్కి తీసుకుంటామంటున్నారు. నిబంధన ప్రకారం సరైనదే. ఆ తాళం వెనుక మోసం ఉందా, లేక బస్సు లేకపోవడం ఉందా అన్నది నోటీసు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న. చోటు ఎంచుకునే వీలు దరఖాస్తు నాడే ఇచ్చి, దగ్గర్లో కావాలంటే ఇన్నేళ్లు, దూరమైనా ఫర్వాలేదంటే ఇన్ని నెలలు అని చెబితే, జనం వాళ్ల బతుకు చూసుకుని వాళ్లే తేల్చుకుంటారు.

కట్టిన ఇళ్లు ఖాళీగా ఉండటం కూడా కొత్తేం కాదు. 2007లో మధ్యతరగతి కోసం రాజీవ్ స్వగృహ వచ్చింది. జనం డిపాజిట్లు కట్టి పేర్లు నమోదు చేసుకున్నారు. ఖర్చు పెరిగి ధరలు బయటి మార్కెట్‌కు దగ్గరయ్యాయి, కొనేవారు వెనక్కి తగ్గారు. బండ్లగూడ, పోచారంలో ఆ టవర్లు ఏళ్ల తరబడి అలాగే నిలబడి, చివరికి 2022లో డ్రా ద్వారా అమ్మకానికి వచ్చాయి. ఇళ్లు కావలసినవారు ఒకవైపు, ఖాళీ ఇళ్లు ఇంకోవైపు ఉన్నాయి. ఎవరు ఎక్కడ, ఎంత ధరకు కోరుకుంటున్నారో చెప్పే జాబితా చేతిలో లేకుండా కట్టుకుంటూ పోతే ఇలాగే అవుతుంది.

2024 సెప్టెంబరులో మూసీ నదీగర్భంలోని ఇళ్లు ఖాళీ చేయించినప్పుడు, నిర్వాసితుల కోసం వేల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు పక్కన పెట్టారు. నిలువ నీడ పోగొట్టుకున్నవారికి ముందు ఇవ్వడం న్యాయం, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఆ ఇళ్ల కోసం ఏళ్లుగా ఆగినవారికి ఎవరైనా చెప్పారా, మీ వరుస ఇంత వెనక్కి జరిగిందని? వరుసే లేకపోతే జరిగినట్టు కూడా తెలియదు. పేదలకూ పేదలకూ మధ్య అనుమానాలు అలాగే పుడతాయి.

ఆ చీకట్లోనే పైరవీకారు దిగుతాడు. ఫలానా ఆఫీసులో మనవాడున్నాడు, లక్ష ఇస్తే పేరు ఎక్కిస్తాడు అంటాడు. నకిలీ కేటాయింపు పత్రాలు చేతిలో పెట్టి డబ్బు దండుకున్న ముఠాల మీద హైదరాబాద్ పోలీసులు ఎన్నో కేసులు పెట్టారు. మోసపోయినవాళ్లను ఆశపోతులని తిట్టడం తప్పు. అసలు జాబితా గోడ మీద ఉంటే, అమ్మడానికి అతని దగ్గర సరుకు ఏముంటుంది?

అడగాల్సినవి, అడిగే దారి

ప్రభుత్వాలు చేయగలిగినవి నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వార్డు వారీగా అర్హుల జాబితా దరఖాస్తు నంబర్లతో, గోడ మీదా వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ప్రతి నంబరు పక్కన వరుస ఉండాలి, ఏడాదికోసారి అది ఎంత కదిలిందో చూపాలి. ప్రభుత్వం మారినా పథకం పేరు మారినా పాత దరఖాస్తు తేదీ చెల్లాలి. దరఖాస్తుదారు చనిపోతే ఆ వరుస భార్యకో భర్తకో బిడ్డకో దానంతటదే రావాలి. ఆదాయ పరిమితిని ఊరిని బట్టి, ఏటా సవరించాలి. ఇల్లు అప్పగించేదాకా కిస్తీ మొదలుకాకూడదు. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో దేశవ్యాప్తంగా కోటి ఇళ్లు అంటున్నారు, అద్దె ఇళ్లకూ అందులో చోటుంది. నగరానికి వలస వచ్చిన కూలీకి ముందు కావలసింది పట్టా కాదు, పని దగ్గర్లో కట్టుకోగల అద్దె. అద్దె ఇళ్ల మీద మన రెండు రాష్ట్రాలూ ఇప్పటిదాకా చూపిన శ్రద్ధ చాలదు.

ఇవన్నీ ఎప్పుడో జరుగుతాయని ఆగనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు బయట పెట్టాలి. పెట్టకపోతే అడగండి. తెల్ల కాగితం మీద, తెలుగులోనే రాయొచ్చు. జిల్లా కలెక్టరేట్ పౌర సమాచార అధికారికి ఈ మూడు ప్రశ్నలు రాయండి: నా దరఖాస్తు ఏ జాబితాలో ఉంది? ఆ జాబితాలో ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది ఏ నిబంధన ప్రకారం నిర్ణయిస్తున్నారు? తిరస్కరిస్తే కారణం ఏమిటి, దానికి ఆధారమైన సర్వే పత్రం నకలు ఇవ్వండి. బస్తీలో చదువుకున్న పిల్లలు ఎవరైనా ఉంటే పదిళ్లకు పది అర్జీలు ఒక సాయంత్రంలో రాసిపెట్టగలరు. ఈ కథనం చదివినవారిలో ఎవరింట్లోనైనా పనిమనిషి, వాచ్‌మన్, డ్రైవర్ ఉంటే, ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చుని ఆ అర్జీ రాసిపెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు దానికి రుసుము కట్టనక్కర్లేదు, రుజువుగా కార్డు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.